గదిలో చెప్పిందే లెక్క

నాకు కోపం ఎక్కువ. పాఠాలు చెప్పే ఉద్యోగం మానేశాక తగ్గుతుందని మా ఆయన ఆశపడ్డాడు గానీ, పాపం, ఆ ఆశ ఇంకా తీరలేదు. కెనడాలో, గ్వెల్ఫ్ అనే ఊళ్ళో ఇంటిపట్టున కూర్చుని ఆయన మీద అరుస్తుంటే, ఒక యూనివర్సిటీ వాళ్ళు పిలిచి తమ ప్రోగ్రాంలో వాలంటీర్‌గా వేసుకున్నారు. ఏ యూనివర్సిటీ అన్నది వదిలేయండి. స్టూడెంట్స్ ఆఫ్ కలర్ కోసం పెట్టిన ప్రోగ్రాం అది. ఆ మాటను తెలుగులో చెప్పబోతే రంగు విద్యార్థులు అని వస్తుంది, అప్పుడే హోలీ ఆడి వచ్చినవాళ్ళలాగా. నల్లజాతి పిల్లలు, ఇక్కడి మూలవాసుల పిల్లలు, మనబోటివాళ్ళ పిల్లలు అందులోకి వస్తారు.

మంచి ప్రోగ్రాం. ముందే చెబుతున్నాను, దాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. డిగ్రీ మొదలయ్యే ముందు వేసవిలో క్లాసులు చెబుతారు. క్యాంపస్‌లో గది ఇస్తారు. బాగున్నావా, తిన్నావా అని అడగడానికి ఒక పెద్ద దిక్కును చూపిస్తారు. అన్నిటికంటే ముఖ్యం, మార్కులు తగ్గిన పిల్లలకు ఇంట్లో ఏదైనా కారణం ఉంటే ఆ కారణాన్ని చెవులొగ్గి వింటారు, విని సీటు ఇస్తారు. మామూలు అడ్మిషన్‌లో అలా ఎవరు వింటారు? మార్కు ఉంటే లోపలికి, లేకపోతే బయటికి.

ఒకప్పుడు ఆ కారణాన్ని వ్యాసంలా రాసి పంపమనేవారు. ఉన్నవాళ్ళు ఎవరిచేతో కన్నీళ్ళు కారేలా రాయించి పంపడం మొదలుపెట్టాక అది తీసేశారు. ఇప్పుడు అంతా ఇంటర్వ్యూలోనే. గదిలో పిల్లలు తమ నోటితో చెప్పిందే లెక్క. ప్యానెల్లో కూర్చున్నవాళ్ళకు బయట ఏం తెలిసినా అది లెక్కలోకి రాదు.

ఈ రూలు కోసం అందరికంటే గట్టిగా గొంతు చించుకున్నది నేనే. మనవాళ్ళ సంగతి తెలిసిందే కదా. నేను ప్యానెల్లో ఉన్నానని పొక్కగానే ఫోన్లు. "మన అమ్మాయేనండీ, కాస్త చూడండి." "మా బావమరిది కొడుకు మేడం, ఒక్క మాట వేయండి చాలు." గుళ్ళో ప్రసాదం చేతిలో పెడుతూ కూడా అడిగారు. ఒళ్ళు మండిపోయింది. మీటింగులో బల్ల గుద్ది మరీ చెప్పాను, ఎవరి తరఫునా ఎవరూ మాట్లాడకూడదని. అందరూ తలూపారు.

ఆ అమ్మాయి నాకు టొరంటోలోని స్కార్‌బరో లైబ్రరీలో పరిచయమైంది. శనివారాలు అక్కడ మా ప్రోగ్రాం తరఫున పన్నెండో తరగతి పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని. బయాలజీ అంటే ప్రాణం పెట్టే పిల్ల. చిన్నప్పుడే ఇక్కడికి వచ్చింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెబుతుంది. ఫోన్లో వాళ్ళ నాన్నతో మాత్రం "వస్తున్న నాన్నా, అన్నం తిన్నవా" అని చక్కగా మాట్లాడుతుంది. మా సీటు వస్తే బయాలజీ. రాకపోతే, పదకొండో తరగతిలో పడిపోయిన ఆ మార్కులతో ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు.

మార్కులెందుకు పడిపోయాయో ఒక శనివారం మధ్యాహ్నం బస్‌స్టాప్‌లో చెప్పింది. వాళ్ళ నాన్న వాన్ అనే ఊళ్ళో ఒక గిడ్డంగిలో సరుకులెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపేవాడు. షుగర్ కళ్ళ మీదికి వచ్చింది. ఒక కన్ను దాదాపు పోయింది, రెండోదాన్ని ఇంజెక్షన్లతో నిలబెడుతున్నారు. తల్లి రొట్టెల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు, సెలవు పెడితే ఊరుకోరు. అందుకని ఆయన్ను రెండు బస్సులు మార్చి హాస్పిటల్‌కు తీసుకెళ్ళేది, డాక్టరు మాటలు తెలుగు చేసి చెప్పేది, ఇంటికి తెచ్చి కళ్ళలో చుక్కలు వేసేది ఈ పిల్లే. ఎన్ని పరీక్షలు ఎగిరిపోయాయో.

"ఆంటీ, డాడ్‌కి మాత్రం తెలీదు. స్కూల్లో పర్మిషన్ ఇచ్చారు, మార్కులకేం కాదు అని చెప్పా" అంది ఇంగ్లీషులో. "మొదట్లో ఒకసారి నా టెస్ట్ పోయిందని తెలిసి హాస్పిటల్‌కి రానని రెండు నెలలు మొండికేశాడు. నా చదువు ముందు ఆయన కన్ను లెక్క లేదట. ఆ రెండు నెలల్లోనే ఒక కన్ను పోయింది."

నేనే కారులో తీసుకెళ్తానన్నాను. ఇప్పుడు ఉన్నట్టుండి ఆంటీ ఎందుకొస్తుంది, నీ చదువేమైంది అని ఆయన అడుగుతాడంది. ఆమె బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది.

సరే, ఇంటర్వ్యూలో ఈ ముక్క చెబితే చాలు అనుకున్నాను. ఆ పిల్లకూ అదే చెప్పాను. "లైబ్రరీలో తలుపేసుకునే గది ఉంది కదా, లాప్‌టాప్ పట్టుకెళ్ళి అక్కడ కూర్చో. నాకు చెప్పినట్టే చెప్పు. ఏడుపొస్తే ఏడు, ఏం పర్లేదు." నవ్వింది. ఆ నవ్వు చూసి సీటు వచ్చేసినట్టే సంబరపడ్డాను, మతిలేనిదాన్ని.

ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లోనే. ప్యానెల్లో నలుగురం. నాకు తెలిసిన పిల్ల అని ముందే చెప్పాను కాబట్టి ఆమెకు నేను మార్కులు వేయకూడదు, ఒక ప్రశ్న అడగొచ్చు. స్క్రీన్ మీద ఆమె ముఖం వచ్చింది. లైబ్రరీ గది కాదు. వెనక ఫ్రిజ్ ఉంది, దాని మీద స్టీలు డబ్బాలు. స్క్రీన్ అంచున, ఆమె కుర్చీకి ఆనుకునే, ఒక మగమనిషి భుజం, చెవి కనిపిస్తున్నాయి. ఆ చెవి ఇటే తిరిగి ఉంది.

ఆయనకు హాస్పిటల్ ఇంగ్లీషు రాదు గానీ మామూలు ఇంగ్లీషు అర్థమవుతుంది. ఇన్నేళ్ళు గిడ్డంగిలో పనిచేసిన మనిషి.

మా చైర్‌పర్సన్ జమైకా నుంచి వచ్చినావిడ, వెన్నలాంటి మనసు. పిల్లల పుండ్లు గెలకకూడదని మాకు ట్రైనింగ్ ఇచ్చిందే ఆవిడ. అందుకే మార్కులు ఎందుకు తగ్గాయని సూటిగా అడగదు. "పోయిన సంవత్సరం గురించి మేము అర్థం చేసుకోవాల్సింది ఏదైనా ఉందా?" అని మెత్తగా అడిగింది.

ఆ పిల్ల ఒక్క క్షణం పక్కకు చూసింది. తర్వాత నవ్వుతూ చెప్పింది. "లేదండీ. మంచి సంవత్సరం. టైం మేనేజ్‌మెంట్ బాగా నేర్చుకున్నాను."

చైర్‌పర్సన్ మాట మార్చి ఇంకోసారి అవకాశం ఇచ్చింది. ఇంట్లో బాధ్యతలేమైనా? "మా అమ్మానాన్నలు నాకు చాలా సపోర్ట్" అంది. ఆ భుజం కాస్త నిటారైంది. ఇంకో సభ్యుడు తల వంచుకుని ఏదో రాసుకున్నాడు.

నా వంతు వచ్చింది. నా చేతిలో ఒక్క ప్రశ్న. ఇంగ్లీషులో అడిగితే ఆయనకు అర్థమవుతుంది. తెలుగులో అడిగితే ఇంకా బాగా అర్థమవుతుంది. అడిగానా, ఆ పిల్ల నిజం చెప్పాలి, లేదా నా ముఖం మీదే అబద్ధం చెప్పాలి. నిజం చెబితే ఆయన రేపటినుంచి హాస్పిటల్ మానేస్తాడు. జీవితమంతా నోరు పెట్టుకుని బతికినదాన్ని, బయాలజీలో నీకు ఇష్టమైన పాఠం ఏమిటమ్మా అని అడిగాను. సిగ్గులేకుండా అదే అడిగాను. ఆ పిల్ల ముఖం విప్పారింది. కణ విభజన గురించి అద్భుతంగా చెప్పింది. దాని కోసం ఏ ప్యానెలూ సీటు ఇవ్వదు.

ఆమె స్క్రీన్ మీద నుంచి వెళ్ళిపోగానే రాసుకున్న సభ్యుడు అన్నాడు, మంచి పిల్లే గానీ ఎవరో నేర్పించిన జవాబుల్లా ఉన్నాయని.

"కారణం ఉంది" అన్నాను.

"ఆ అమ్మాయి చెప్పిందా?" చైర్‌పర్సన్ అడిగింది.

"లేదు."

ఆవిడ నావైపు జాలిగా చూసింది. ఈ రూలు నీదే కదా అని అనలేదు. అనుంటే బాగుండేది, ఎదురు తిరిగి నాలుగు అరుద్దును. "మళ్ళీ ఇంటర్వ్యూ ఇవ్వాలంటే ఏదో అంతరాయం కలిగి ఉండాలి, ఆ అమ్మాయే అడగాలి" అని మాత్రం చెప్పింది.

మీటింగులోంచి బయటికొచ్చి ఆ పిల్లకు మెసేజ్ పెట్టాను. నెట్ పోయిందని చెప్పి ఇంకో ఇంటర్వ్యూ అడుగు, ఈసారి లైబ్రరీకి వెళ్ళు అని. చూడండి నా బతుకు, రూళ్ళ కోసం బల్లలు గుద్దినదాన్ని పదిహేడేళ్ళ పిల్లకు అబద్ధం నేర్పుతున్నాను. జవాబు వెంటనే వచ్చింది. "నెట్ పోలేదని డాడ్‌కి తెలుసు ఆంటీ, పక్కనే ఉన్నాడు. ఒక అబద్ధమే మోయలేకపోతున్నా. ఇంకోటి నా వల్ల కాదు." ఆ కింద ఇంకో మెసేజ్. "ప్లీజ్, మీరు ఎవరికీ చెప్పకండి."

ఎవరికి చెబుతాను? చెప్పి ఏం చేస్తాను? మా ఆయన టీ తెచ్చిస్తే అనవసరంగా ఆయన మీద విరుచుకుపడ్డాను. తర్వాత ఏడ్చాను.

సీటు రాలేదు.

రాలేదని తెలిసిన మర్నాడు మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది. ఆ పిల్ల నంబరే. గొంతు మాత్రం మగగొంతు. "నమస్తే మేడం, నేను దాని నాయనను. బిడ్డ స్నానానికి పోయింది, గందుకే చేస్తున్న" అన్నాడు. తెలంగాణ యాస, నెమ్మదైన మాట. నేను నమస్కారమండీ అన్నాను.

"మీరు శనివారం శనివారం ఎంత కష్టపడి చెప్పిన్రో బిడ్డ చెప్తది మేడం. మీ రుణం ఉంచుకోం" అన్నాడు. "మిమ్మల్ని తప్పు పడుతలేను. ఒక్క మాట అడుగుత, ఏమనుకోకుండ్రి. ఏడ తప్పు పోయింది? దాని మార్కులు మంచిగనే ఉన్నయి గద. ఇంటర్వ్యూల గూడ టకటక చెప్పింది, నేను విన్న గద."

కిటికీ బయట ఎవరో మంచు ఊడుస్తున్నారు. "పోటీ ఎక్కువండీ" అన్నాను చివరికి. అంతకంటే చచ్చు జవాబు నేను నా సర్వీసులో ఏ విద్యార్థికీ చెప్పలేదు.

"గంతేనా" అన్నాడు. "లైబ్రరీల కూసుంట నాయనా అన్నది మేడం. నేనే వద్దన్న. గాడ ఒక్కతే భయపడతదేమో అని. ఇంట్లనే కూసో బిడ్డా, నేను పక్కన ఉంట అన్న. నేను చదువుకున్నోన్ని కాదు, గింతకన్న ఏం జేస్త చెప్పుండ్రి."

"మంచిపని చేశారు" అన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట నా నోట్లోంచి.

ఆయన గొంతు కాస్త తేలికపడింది. "వచ్చే ఏడు మల్ల అప్లై చేపిస్త మేడం. ఎట్ల చెప్పాల్నో మీరు చెప్పుండ్రి, రోజూ కూసుండవెట్టి చెప్పిపిస్త. ఆ దినం గూడ నేను పక్కనే కూసుంట. బిడ్డకు ధైర్యముంటది."

"అలాగేనండీ" అన్నాను.