మెదడు గీతలు, మా అత్త తీర్పు

నేను ఇన్నేళ్లూ రాయకపోవడానికి కారణం నా తల. చిన్నప్పుడు బడిలో మాట మధ్యలో ఆగిపోయి, పెదవులు చప్పరిస్తూ, లంగా అంచు పీకుతూ ఉండిపోయేదాన్ని. తెలివి వచ్చి చూస్తే చుట్టూ జనం. పంతులు మా బాపును పిలిపించాడు.

"అక్షరాలు దీని నెత్తికి వేడి జేస్తున్నయి."

బాపు నన్ను మేకల వెంట పంపాడు. అక్కడా అలాగే ఆగిపోయేదాన్ని. మేకలు అక్షరాలు చెప్పవు కదా అని ఎవరికీ తోచలేదు.

పెళ్లయి దేవరకొండ దగ్గరి పల్లెకు వచ్చాను. తొంభైల్లో మా వాడలో పెద్దవాళ్లకు బడి పెట్టారు. పోతానంటే అత్త అడ్డుపడింది.

"పలక పడితే రోగం ముదురుతది. పట్నం దవాఖానల నెత్తికి తీగలు పెట్టి చూస్తరట. పెద్ద రోగమని తేలితే బడి మాట ఎత్తొద్దు."

"చిన్నదైతే?"

"గప్పుడు జూద్దాం."

దవాఖానవాళ్లు తలంటుకుని, నూనె పెట్టకుండా రమ్మన్నారు. ఎండిన తలతో కోడలిని ఊరు దాటించడం అత్తకు నామోషీ. తలంటి మరీ ఆముదం పోసింది. దవాఖానలో తీగలు ఒక్కటీ అతుక్కోలేదు.

"ఏందమ్మా, నెత్తా గానుగా?" అన్నాడు తీగలు పెట్టే మనిషి.

"నా కోడలు దిక్కులేనిది గాదు సారూ."

ఆ తర్వాత నల్లా కింద బట్టల సబ్బుతో నా తల ఉతికింది కూడా ఆమే.

నా మెదడు గీతల కాగితం బయటికి రాగానే అత్త దాన్ని డాక్టరు ముందు పరిచింది.

"గీ గుట్టలు జూడు సారూ, మా దేవరకొండ ఖిల్లా లెక్కున్నయి. రోగం గంత పెద్దదా?"

"గీతల ఎత్తును బట్టి చెప్పలేమమ్మా. మెదడులో ఎక్కడ మొదలవుతోందో ఇవి చెబుతాయి, ఈమెకు చెవి పైభాగంలో. ఎంత ముదిరిందో మాత్రం ఫిట్స్ ఎన్నాళ్లకు వస్తున్నాయో, ఎట్లా వస్తున్నాయో చూసి చెప్పాలి."

"అక్షరాలు నేర్సుకుంటే ఎక్కువైతదా సారూ?" అని నేనే అడిగాను.

"కాదు. మాత్ర మానేస్తే ఎక్కువవుతుంది. పొయ్యి దగ్గరికి, బావి దగ్గరికి మాత్రం ఒంటరిగా పోవద్దు."

"అంటే పని వద్దు, పలక ముద్దు," అంది అత్త. అయినా తిరుగుబస్సు ఎక్కేముందు పలక కొనిచ్చింది.

మర్నాడు పొద్దున మాత్ర మింగి, అరుగు మీద కూర్చుని మొదటి అక్షరం దిద్దాను. నేను ఎప్పుడు ఆగిపోతానా అని అత్త పొయ్యి దగ్గర నుంచి కన్నార్పకుండా చూసింది. నేను ఆగలేదు. ఆమె అన్నం అడుగంటింది. నేను పలక తుడిచి రెండో అక్షరం మొదలుపెట్టాను.