కంపెనీ వైపు కూర్చున్న చైనా యూనియన్ అధ్యక్షురాలు

వాగ్దేవతకు ప్రణమిల్లి, తమ తరఫున మాట్లాడే బాధ్యతను నాకు అప్పగించిన తోటి కార్మికులకు నమస్కరించి ఈ ఉదంతాన్ని విన్నవిస్తున్నాను. అది అక్షయ నామ సంవత్సర ఆశ్వయుజ శుద్ధ పంచమి, బుధవారం. ఇక్కడి లెక్కలో 1986 అక్టోబరు ఎనిమిది.

అప్పట్లో న్యూజెర్సీలో, ఐసెలిన్‌కు కొద్ది మైళ్ల దూరాన, మందుల సీసాలు తయారుచేసే కర్మాగారంలో నేను తనిఖీ ఉద్యోగిని. ఆరేళ్లుగా షాప్ స్టీవార్డ్‌ను కూడా. అంటే కార్మికులు తమలో నుంచి ఎన్నుకొన్న యూనియన్ ప్రతినిధిని. కార్మికులందరి పక్షాన యూనియన్ యాజమాన్యంతో ఎదురెదురుగా కూర్చుని షరతులు కుదుర్చుకోవడాన్ని కలెక్టివ్ బార్గెయినింగ్ అంటారు. కుదిరిన కాంట్రాక్టును యాజమాన్యం మీరిందనుకొంటే మేము పెట్టే ఫిర్యాదు గ్రీవెన్స్. పూర్వాశ్రమంలో ఓరియంటల్ కళాశాలలో వ్యాకరణం బోధించిన నాకు ఆ కాంట్రాక్టు సూత్రపాఠంలా కంఠస్థమయింది. అందువల్ల కొంత అతిశయమూ ఉండేది.

ఆనాటి గ్రీవెన్స్ రత్నానిది. బాపట్ల ప్రాంతం వాడు. ప్రతి ఆదివారం తెలుగు చర్చిలో ముందు వరుసలో పాడేవాడు. వరుసగా మూడు రోజులు ఫోనైనా చేయకుండా పనికి రాలేదు. దీన్ని నో-కాల్ నో-షో అంటారు. శిక్ష ఉద్యోగం తొలగింపు. తగిన కారణం చూపితే యాజమాన్యం మన్నించవచ్చునని కాంట్రాక్టులో ఉంది. కానీ కారణం అడిగితే రత్నం, “ఫ్యామిలీ మ్యాటర్ అండీ” అని తల వంచుకొనేవాడు. నేనూ అంతకు మించి అడగలేదు.

ఆ వారం చైనా నుంచి ఒక కార్మిక సంఘ ప్రతినిధివర్గం మా పద్ధతి చూడడానికి వచ్చింది. వారిలో ముఖ్యురాలు శ్రీమతి షెన్. ఒక నూలు మిల్లులో యూనియన్ అధ్యక్షురాలు, యాభై ఏళ్లు దాటిన మనిషి. విచారణ గదిలోకి రాగానే ఆమె నేరుగా వెళ్లి సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ మేనేజర్ హారిస్ పక్క కుర్చీలో కూర్చున్నది.

హారిస్ నవ్వాడు. “చూశారా, మీ యూనియన్ మనిషి ఒకరు మా వైపు వచ్చేశారు!”

రత్నం నా చెవిలో గొణిగాడు. “ఆవిడే అటు కూర్చుంటే ఇంక మనమేం గెలుస్తామండీ, మాస్టారూ?”

దుబాసీగా వచ్చిన అమ్మాయి కంగారుపడి వివరించింది. వారి మిల్లులో యూనియన్ అధ్యక్షురాలి స్థానం డైరెక్టరు పక్కనే. బల్లకు రెండో వైపంటూ లేదు. షెన్ లేచి, సిగ్గుతో మా వైపుకు వచ్చింది.

విచారణ పావుగంటలో ముగిసింది. హారిస్ కఠినుడు కాడు. “కారణం చెప్పు రత్నం, వింటాను” అని మూడుసార్లు అడిగాడు. రత్నం పెదవి విప్పలేదు. “అయితే శుక్రవారం తొలగింపు ఖాయం చేస్తాను. నాకు వేరే దారి లేదు” అని హారిస్ ఫైలు మూశాడు.

క్యాంటీన్‌లో షెన్ దుబాసీ ద్వారా నన్ను అడిగింది. “ఈయన ఇంటికి మీలో ఎవరు వెళ్లారు?”

“ఎవరూ వెళ్లలేదమ్మా. గ్రీవెన్స్ మాత్రం గడువులోగా పెట్టాం” అన్నాను, కొంత దర్పంగానే.

ఆమె నమ్మలేనట్టు దుబాసీ వైపు చూసి, మళ్లీ అడిగించింది. నేను మళ్లీ అదే చెప్పాను.

“మా మిల్లులో మనిషి మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు పళ్లు తీసుకొని నేను వెళతాను. యూనియన్ అంటే మొదట ఆ పనే” అన్నది.

నాకు రోషం వచ్చింది. “వెళ్లి తెలుసుకొన్నాక డైరెక్టరు మీ మాట కాదంటే?”

“తిరిగి వచ్చేస్తాను” అన్నది నెమ్మదిగా. “పదకొండేళ్లుగా అలా తిరిగి వస్తూనే ఉన్నాను. యాజమాన్యం కాదన్నాక మళ్లీ మాట్లాడే హక్కు మీకు ఏ కాగితం ఇచ్చిందో చూద్దామనే ఇంత దూరం వచ్చాను. ఆ కాగితం మీ చేతిలో ఉంది. మరి ఆ మనిషి ఇంట్లో ఏం జరిగిందో మీకు తెలియదా?”

నేను లేచి వెళ్లి రత్నం చిరునామా కనుక్కొన్నాను.

సాయంకాలం పని దిగగానే ఆపిల్ పళ్లు కొని రత్నం అపార్ట్‌మెంట్‌కు డ్రైవ్ చేసుకొంటూ వెళ్లాను. అతని భార్య సుశీల తలుపు తీసింది. ముఖం పాలిపోయి ఉంది. గోడవార కొత్త ఉయ్యాల తొట్టి, అట్టపెట్టె విప్పకుండానే ఉంది. నేను దాన్ని చూడడం రత్నం చూశాడు.

“ఏడో నెలండీ” అన్నాడు. “హాస్పిటల్‌కి తీసుకెళ్లేసరికే బిడ్డ పోయింది. ఫోన్ రెండుసార్లు తీశానండి మాస్టారూ. అటు క్లర్కు రీజన్ అంటాడు, ఫారంలో రాసుకుంటాడు. బిడ్డ సంగతి వాడి ఫారంలో ఏమని రాయించనండీ? పెట్టేశాను.”

“హారిస్‌కు చెప్పనా?”

“ఆ రూంలో అందరి ముందూనా? వద్దండి. జాబ్ పోతే పోయింది.”

“పోతే పోయిందంటే ఎలాగండీ?” అన్నది సుశీల. “మీ జాబ్ ఇన్సూరెన్స్ మీదే కదా నా ట్రీట్‌మెంట్! ఆ హారిస్ ఒక్కడికే చెప్పండి మాస్టారుగారూ. ఫారంలో మాత్రం రాయొద్దనండి.”

రత్నం సొరుగులోంచి హాస్పిటల్ పత్రం తీసి నా చేతిలో పెట్టాడు.

మర్నాటి ఉదయం హారిస్ గది తలుపు మూసి, ఆ పత్రం అతని ముందుంచాను. అతడు చదివి, కళ్లద్దాలు తీసి, “నాకెవరూ చెప్పలేదే” అన్నాడు. “నేనూ అడగలేదు” అన్నాను. తొలగింపు ఉత్తర్వు మీద అడ్డంగా గీటు గీసి, కారణం రాయవలసిన చోట ‘యూనియన్ ద్వారా తెలిసింది’ అని మాత్రమే రాశాడు. సోమవారం రత్నం పనిలో చేరాడు.

సంగతి విని షెన్ నా చేయి పట్టుకొన్నది. మా కాంట్రాక్టులోని గ్రీవెన్స్ అధ్యాయాన్ని మొత్తం దుబాసీ చేత చైనా భాషలో రాయించుకొని వెళ్లింది. కాంట్రాక్టులోని ప్రతి నిబంధనా నాకు వచ్చు; కానీ అది ఎవరి కోసం పుట్టిందో ఆ మనిషి గడప తొక్కకుండానే ఆరేళ్లు అతని తరఫున వాదించాను. హక్కును కాగితం మీదికి ఎక్కించడం ఎంత అవసరమో, ఆ కాగితం పట్టుకొని ఇంటికి వెళ్లడమూ అంతే అవసరమని ఆమె వల్ల తెలుసుకొన్నాను.

1987 మే నెలలో కుదిరిన మా కొత్త కాంట్రాక్టులో, నో-కాల్ నో-షో కింద ఎవరినైనా తొలగించే ముందు స్టీవార్డ్ వారి ఇంటికి వెళ్లి రావాలనీ, తెలిసిన కారణాన్ని గోప్యంగా ఉంచాలనీ ఒక నిబంధన చేరింది. 1988 వేసవిలో షెన్ వద్ద నుంచి ఉత్తరం వచ్చింది: డైరెక్టరూ తామూ మొదటిసారి ఎదురెదురుగా కూర్చున్నామనీ, కార్మికుల మూడు కోరికలలో రెండింటి మీద సంతకాలయ్యాయనీ, మూడోదానికి మళ్లీ కూర్చుంటామనీ రాసింది. రత్నం ఆ ఏడాది చివర స్టీవార్డ్‌గా ఎన్నికయ్యాడు. 1989 జనవరిలో ప్యాకింగ్ విభాగంలో ఒకామె మూడు రోజులు పనికి రాకపోతే, నాలుగో రోజు ఆమె ఇంటికి అతడు వెళ్లాడు.