రెండు గడియారాల మధ్య పావుగంట

ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేళ్ళను లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. నాంపల్లి స్టేషన్ వెనుక సందులో మేడమీద ఉన్న మా ప్రార్థన మందిరంలో ఒకామె లేచి నిలబడింది. భర్తను మట్టిచేసి ఇంకా నెల కాలేదు. కన్నీళ్ళతో స్తోత్రం చెబుతుందనుకుని మేమంతా తలలు వంచాం. ఆమె పాస్టరుగారిని సూటిగా అడిగింది.

"అయ్యగారూ, సచ్చిపోయినోడు బెల్లు కొడతడా?"

పాస్టరుగారు పాట ఎత్తుకోమని సైగ చేశారు. పాడాం. పాట అయిపోయేదాకా ఆమె నిలబడే ఉంది.

ఆమె భర్త ఆ దగ్గర్లోనే ఒక కోల్డ్ స్టోరేజీలో మెకానిక్. బేగంబజారు వ్యాపారుల చింతపండు, ఎండుమిర్చి, ఖర్జూరాలు అక్కడి చల్లటి గదుల్లో ఉంటాయి. ఒక సాయంత్రం అతను లోపల పని చేస్తుండగా పైపు పగిలి అమ్మోనియా గదంతా కమ్మేసింది. అతనితో డ్యూటీలో ఉన్న ఆపరేటరు మిషన్లు ఆపి, మాస్కు తగిలించుకుని లోపలికి పోయి అతన్ని మోసుకొచ్చాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది.

తర్వాత కంపెనీ వాళ్ళు కంప్యూటర్లలోని రికార్డు తీశారు. మిషన్లు ఆపిన కాసేపటికే మనిషిని బయటికి తెచ్చానని ఆపరేటరు చెప్పాడు. కానీ గదిలోంచి సాయం కోసం కొట్టే బెల్లు, మిషన్లు ఆగిన పావుగంట తర్వాత మోగినట్టు గ్యాస్ పానెల్ చూపించింది. ఆ లెక్కన అప్పటికి అతను గేటు దాటి ఆటోలో ఉండాలి. పనివాళ్ళు ఆ గదిలోకి పోవడం మానేశారు. ఆమె భయం మాత్రం వేరు.

"అన్నా, ఆయన లోపల పానంతోనే ఉండి పిలుస్తుంటే వీళ్ళు బయట నిలబడ్డరు. ముందుగాలనే తెచ్చినం అని కథలు చెప్తున్రు," అంది ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపి. "గాడికి రిపేరుకు నువ్వే పోతున్నవంట గదా. కంపెనీకి చెప్పేది కాదు, నాకు నిజం చెప్పు."

అబిడ్స్‌లో నాకు చిన్న ఆఫీసు ఉంది. ఫ్యాక్టరీల కంట్రోల్ పానెళ్ళు బాగుచేయడం నా పని. ఆ కోల్డ్ స్టోరేజీలో మిషన్లు నడిపే నెట్‌వర్కు ఒకటి, గ్యాస్‌ను కనిపెట్టి, బెల్లు మోగితే రాసుకునే నెట్‌వర్కు మరొకటి. వాటిని కావాలనే వేరుగా ఉంచుతారు. ఒకటి చెడిపోయినా రెండోది కాపలా కాయాలి. అయితే ఒకదానితో ఒకటి మాట్లాడనివి టైమ్ కూడా అడిగి తెలుసుకోవు. దేని గడియారం దానిదే. రెండింటికీ ఒకే టైమ్ అందేలా చేయమని కంపెనీ నన్ను పిలిచింది.

గ్యాస్ ఉండే చోటు కాబట్టి గేటు దగ్గరే ఫోను తీసుకున్నారు. నేను రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే సూపర్‌వైజరు నవ్వాడు.

"ఏంది సారూ, జాతకాలు కలుస్తలేవా?"

"ముహూర్తం తేడాగా ఉంది," అన్నాను. నవ్వింది మేమిద్దరమే. ఆపరేటరు మూలన నిలబడి తెరవైపే చూస్తున్నాడు.

రెండు గడియారాల్లో ఏది తప్పో తెలియాలంటే, రెండూ ఒకేసారి చూసిన సంగతి ఒకటి దొరకాలి. కరెంటు పోవడం అలాంటిదే. ప్రమాదానికి ముందు రోజు కరెంటు పోయింది. అది ఒక్కసారే పోయింది కానీ, గ్యాస్ పానెల్ ప్రకారం మిషన్ల టైమ్ కంటే పావుగంట ఆలస్యంగా పోయింది. కంపెనీ ఆఫీసులోని ఫోనులో టైమ్ కనుక్కుని సరిచూశాను. మిషన్ల టైమే సరైనది. గ్యాస్ పానెల్ గడియారం పావుగంట ముందుకు నడుస్తోంది.

"దీన్ని ఎవరు ముట్టుకున్నారు?" అని అడిగాను.

ఆపరేటరు రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "పోయిన అన్ననే సార్. బుధవారం ప్రార్థనకు పోయేదుంటది, మా తర్వాత డ్యూటీకొచ్చే రిలీవరేమో లేటొస్తడు. ఫోన్లు గేటుకాడ పెడతం గదా, లోపట గీ పానెలే మాకు గడియారం. జర ముందుకు పెడితే అందరు ఉరుకుతరు అనెటోడు. యాదికే రాలేదు సార్. ఏండ్ల సంది గదే మా టైము."

నాకు వెంటనే అర్థమైంది. మా మందిరంలో గోడ గడియారం కూడా ముందుకే ఉంటుంది, ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం. మా సంఘంలో సగం ఇళ్ళలో అంతే.

అంటే బెల్లు మోగింది మనిషిని తెచ్చాక కాదు, మిషన్లు ఆపే వేళకే. ఆ మాట చెబితే ఆపరేటరు మూలనుంచి తెర దగ్గరికి వచ్చాడు.

"కండ్లు మూస్తె అన్న లోపట్నే ఉండి బెల్లు కొడుతున్నట్టే ఉంటది సార్. మరి నేను మోసుకొచ్చింది ఎవర్ని అనిపిచ్చేది."

చనిపోయినవారు ప్రభువు దగ్గర నిద్రిస్తారని, తిరిగొచ్చి ఎవర్నీ పిలవరని ఆదివారం బడిలో పిల్లలకు నేనే చెబుతాను. అది నమ్ముతాను. అయినా ఆ గడియారాన్ని వెనక్కి తిప్పడానికి నా వేళ్ళు ఆడలేదు. జబ్బుపడిన ఒక రాజు ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు ఎండ గడియారం మీది నీడను వెనక్కి నడిపించి, అతనికి ఆయుష్షు పెంచాడని వాక్యంలో చదివాను. ఇక్కడ ప్రార్థన చేసే మనిషి పోయాడు. అతను ప్రార్థన కోసం ముందుకు జరిపిన టైమ్‌ను నేను వెనక్కి లాగుతున్నాను. దీనివల్ల ఎవరి ఆయుష్షూ పెరగదు. వెనక్కి తిప్పాక, అప్పటికే రికార్డయిన పావుగంట అంకెలు తెరమీద మళ్ళీ మొదటి నుంచి వచ్చాయి. అంతసేపూ ముగ్గురం బెల్లు వైపే చూస్తూ కూర్చున్నాం. అది మోగలేదు. మిద్దె మీద ఉపగ్రహాల నుంచి టైమ్ అందుకునే చిన్న యాంటెన్నా పెట్టి, రెండు నెట్‌వర్కులకూ వేర్వేరు తీగలు లాగి పని ముగించాను.

గౌలిగూడలో ఆమె ఉండే కిరాయి గదికి ఆపరేటరు కూడా నాతో వచ్చాడు. మట్టి రోజున తప్ప ఆ గడప తొక్కలేదట. గుమ్మం బయటే ఆగాడు. నేను గడియారం సంగతి చెప్పాను. భర్త చేసిన పని వినగానే ఆమె ముఖంలో నవ్వులాంటిది కదిలి పోయింది.

"ఆయన పిలిచినంకనే మిషన్లు బంద్ చేసిన్రా? పిలిచి ఎంతసేపయినంక?"

"ఆ గడియారాలు రోజూ కొంచెం జారుతుంటాయమ్మా. ఒక నిమిషం అటూఇటూ నేను చెప్పలేను."

"ఆ నిమిషమే కావాలె నాకు."

అది ప్రభువుకే తెలుసని ఎన్ని ఇళ్ళలో అన్నానో. ఇక్కడ అనబుద్ధి కాలేదు. ఆమె నన్ను దాటి గుమ్మం వైపు చూసింది.

"నువ్వు చెప్పు. బెల్లు ఇన్నంక ఏం చేసినవ్?"

"మిషన్లు బంద్ చేసి మాస్కు కోసం ఉరికిన వదినా. మాస్కు పట్టీ పడలే, చేతులు వణికినయి. గంతే ఆగిన. ఇంకేడ ఆగలే."

"బెల్లు ఒక్కసారే కొట్టిండా?"

"ఒక్కసారి నొక్కితే మోగుతనే ఉంటది, ఎవరన్న బంద్ చేసెదాక. అన్నను బయట పండబెట్టినంక గూడ మోగుతుండె. బంద్ చెయ్యాలన్న సోయి మాకు లేకుండె."

ఆమె అతని చేతుల వైపు చూసింది.

"ఆ బెల్లు ఆయనకు ఇనపడ్డదా?"

"గప్పుడు పానం ఉండె, కండ్లు తెరిచే ఉండె వదినా. ఇనపడ్డదనే అనుకుంట."

ఆమె పక్కకు జరిగి, అతను లోపలికి రావడానికి దారి ఇచ్చింది.