తుపాకీ గుండ్లతో సత్తు చెంబు

కొవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి వేసవిలో నన్ను హిందూపురం పారిశ్రామికవాడలోని ఒక పోత కర్మాగారంలో చీఫ్ కెమిస్టుగా తీసుకున్నారు. ఇత్తడి, కంచు తుక్కు కరిగించి పంపు భాగాలు పోసే చోటు అది. హోదాలో జనరల్ మేనేజరుకు కింద, అచ్చుల మేస్త్రీకి పైన ఉండేదాన్ని. వచ్చిన తుక్కులో ఏ లోహం ఎంతుందో తేల్చి సంతకం పెట్టడం నా పని. ఆ సంతకం లేకుండా ఏదీ కొలిమిలోకి పోకూడదని నియమం. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు కూడా తగిలించారు.

ఆ ఫ్రేము వైపు ఎన్నడూ తలెత్తి చూడని మనిషి కిశోర్, యజమాని బామ్మర్ది. బెంగళూరులో ఏదో మార్కెటింగ్ కోర్సు చదివి వచ్చి, 'డైరెక్టర్, కొత్త ఉత్పత్తులు' అని తలుపుకు బోర్డు పెట్టించుకున్నాడు. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. ఈయన పట్టమన్న గొడుగు సత్తు చెంబు. పాతకాలపు వంటపాత్రలకు గిరాకీ పెరిగిందని ఫోన్లో చూశాడు, చారు కాచుకునే సత్తు చెంబులు పోయిస్తానన్నాడు. అసలు సత్తు అంటే తగరం. వాడుకలో మాత్రం తెల్లగా మెరిసే ప్రతి లోహమూ సత్తే. అల్యూమినియం గిన్నెను కూడా సత్తు గిన్నె అనేస్తాం. అంగట్లో ఎలా పిలిచినా నష్టం లేదు, కర్మాగారంలో అలా పిలిస్తేనే కొంప మునుగుతుంది.

పెనుకొండ దగ్గర ఒక పెద్దమనిషి తోటలో మట్టి బిళ్లలు గాలిలోకి ఎగరేసి తుపాకులతో కొట్టే ఆట ఆడతారు. ఒక్కో తూటాలో వందలకొద్దీ సన్న గుండ్లుంటాయి, అవన్నీ నేలలో పడి పేరుకుపోతాయి. మడకశిరలో పాత సామాను వ్యాపారం చేసే బసవరాజు ఆ మట్టిని జల్లెడ పట్టించి, గుండ్లను మూటలు కట్టి మా దగ్గరికి తెచ్చాడు. ఇంట్లో కన్నడం, వ్యాపారానికి తెలుగు మాట్లాడే మనిషి. కొన్ని గుండ్లు తెల్లగా మెరుస్తుంటే ఇదేం లోహమని కిశోర్ అడిగాడట. బసవరాజు 'సతు' అన్నాడట. కన్నడంలో సతు అంటే జింకు. కిశోర్ చెవికి అది సత్తు అయింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, ఆ మధ్యాహ్నమే కొలిమి వెలిగించమన్నాడు.

నేను అప్పుడు కంటి ఆపరేషన్ కోసం సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చిన రోజు అచ్చుల మేస్త్రీ నరసింహులు జరిగింది చెప్పాడు. పరిగి మనిషి, పోతపనిలో చెయ్యి తిరిగినవాడు, డైరెక్టరు మాటకు ఎదురు చెప్పే అలవాటు లేనివాడు.

"ఇనప గుండ్లు కొన్ని కలిసిండె మేడమ్. అవి కరగల్యా, పైన తేల్తాండె. కిశోర్ సార్ గరిటెతో తీసి పారేయమన్న్యాడు."

ఇనుము తగరం కంటే బరువైనది. కరిగిన తగరంలో వేస్తే మునిగిపోవాలి. తేలిందంటే కింద ఉన్నది దానికంటే బరువైనదన్నమాట, అంటే సీసం. కొలిమి తనంతట తానే రిపోర్టు ఇస్తే, ఈ మహానుభావుడు తెట్టు అనుకుని గరిటెతో తోడించాడు.

అయినా పద్ధతి పద్ధతే. మిగిలిన మూటలను రాశి పోయించి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు కలిపి నమూనా తీశాను. కడిగి ఆరబెట్టి అయస్కాంతం తిప్పితే ఇనప గుండ్లు అతుక్కున్నాయి. రాగి రంగువి కూడా కొన్ని అతుక్కున్నాయి, పైన రాగి పూత, లోపల ఇనుము. మెరిసే గుండును బ్లేడుతో కోస్తే పైన పల్చటి నికెల్ పొర, లోపల నీలిబూడిద రంగు మెత్తటి సీసం. సతు లేదు, సత్తూ లేదు. చెంబులు పోయగా మిగిలిన కడ్డీ ముక్కను చెవి దగ్గర పెట్టుకుని వంచాను. తగరమైతే వంచినప్పుడు కిర్రుమంటుంది. ఇది మూగది. చివరికి చిన్న ముక్కను నైట్రిక్ ఆమ్లంలో కరిగించి పొటాషియం అయొడైడ్ చుక్క వేస్తే, పరీక్షనాళికలో పసుపు కలిపినట్టు అయింది. సీసానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చెంబులు ఎక్కడున్నాయని అడిగాను. ఒకటి తప్ప అన్నీ కిశోర్ గది అద్దాల బీరువాలో ఉన్నాయి. నరసింహులు తల దించుకున్నాడు. ఆ ఒక్కటి కిశోర్‌ను అడిగి తీసుకుని, ధర్మవరంలో ఉన్న కూతురికి ఇచ్చి వచ్చాడు. కూతురు నాగవేణి నిండు గర్భిణి.

చింతపండు పులుపు తగిలితే సీసం కొంచెం కొంచెంగా చారులోకి దిగుతుంది. తల్లి తాగింది కడుపులో బిడ్డకు చేరుతుంది. ఇది కిశోర్‌కు చెప్పి జీపు అడిగాను. పైన పాలిష్ ఉంది కదా మేడమ్ అన్నాడు. ఆ ముఖం చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. నరసింహులు ఫోన్ చేస్తే, పుట్టింటి సామాను వెనక్కి అడుగుతారా అని వియ్యపురాలు సుబ్బమ్మ కోప్పడిందట. ఇద్దరం బస్సెక్కి వెళ్లాం.

వాళ్లది మగ్గాల ఇల్లు. నాగవేణి ఒక పక్కన కూర్చుని కండెలు చుడుతోంది. నేను విషయం చెప్పాను. సుబ్బమ్మ చెంబును ఒడిలో పెట్టుకుంది.

"దీంట్ల కాచినప్పట్నించీ చారు తియ్యగా ఉండాది మేడమ్. బెల్లం గూడా ఏసేది ల్యా. ఇంత మంచి చెంబు ఎట్ల ఇచ్చేది?"

సీసపు లవణాలకు తీపి రుచి ఉంటుందని పుస్తకంలో చదువుకున్నదాన్ని. ఒక మనిషి నోట మెచ్చుకోలుగా వినడం అదే మొదటిసారి. నాకు భయమేసింది. తెల్లకాగితం మీద చెంబు అంచు రాసి చూపించాను. పెన్సిలు గీసినట్టు గీత పడింది. పొయ్యి మసి అంది సుబ్బమ్మ.

నాగవేణి కండె పక్కన పెట్టింది. "కడుపులో బిడ్డకు గూడా పోతాదా మేడమ్?" అని అడిగింది.

పోతుందన్నాను. ఆమె లేచి వచ్చి, పొద్దున కాచి గిన్నెలో పోసి ఉంచిన చారు అంట్లు కడిగే జాలాట్లో పారబోసి, అత్త ఒడిలోని చెంబు తీసుకుని తండ్రి చేతికిచ్చింది.

రక్తపరీక్ష చేయించాం. ఉండకూడనంత సీసం ఉందని తేలింది. వాడకం ఆపితే తగ్గుతుందని డాక్టరు చెప్పారు, మందులు, తిండి జాగ్రత్తలు రాశారు. ఇక్కడ కిశోర్, ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా బసవరాజు కన్నడానిదని తేల్చాడు.

బసవరాజు ఊరుకోలేదు. "ఏమప్పా, నేను సతు అంటి. నువ్వు సత్తు అనుకుంటే నేనేం జేసేది?" అన్నాడు. ఆయన సతు అన్నదీ కంటితో చూసే. ఇద్దరిలో ఒక్కరూ బ్లేడు పెట్టి కోయలేదు. చెంబులన్నీ నా ఎదుటే కరిగింపజేసి, సీసమని ముద్ర వేసి, బ్యాటరీలవాళ్లకు పంపించాను. శాంపిళ్లు పాడుచేశానని కిశోర్ యజమానికి ఫిర్యాదు చేశాడు.

నాగవేణికి ఆడపిల్ల పుట్టింది. బరువు బాగుంది, ఏడుపు బాగుంది. సుబ్బమ్మ ఫోన్ చేసి, ఏమీ కాలేదు గదా, ఊరికే బెదిరిస్తిరి అంది. సీసం చేసే చెరుపు పుట్టిన రోజున కనబడదు. పిల్ల అక్షరాలు దిద్దే వయసుకు కనబడవచ్చు, కనబడకపోవచ్చు.

లోహాన్ని పేరును బట్టి నమ్మకూడదని నాకు చదువుకునే రోజుల్లోనే తెలుసు. ఈ ఉదంతం నేర్పింది వేరే. కొలిమికి ముందు చేయని పరీక్షను ఆ తర్వాత మనిషి నెత్తుటి మీద చేయాల్సి వస్తుంది.