జైలు ట్యాబ్‌లో తెరుచుకోని చర్చి

అత్లోన్ అనే ఐరిష్ పట్టణంలో ఒక మందుల ఫ్యాక్టరీలో తనిఖీ నా ఉద్యోగం. ఏ యంత్రమైనా సరే, నా కళ్లెదుట నడిపించి చూపిస్తే తప్ప సంతకం పెట్టను. ఆ మొండితనం వల్ల అక్కడ నాకు స్నేహితులు తక్కువ. కోవిడ్‌కు ముందు ఏడాది జైలు సందర్శక కమిటీలో చేరితే మా ఆయన, "నీకెందుకే ఈ జైలు పంచాయితీ? ఇంట్ల పని సాల్తలేదా?" అని ఎద్దేవా చేశారు.

ఖైదీలు జైలు దుకాణంలో బిస్కెట్లు, సిగరెట్లు కొనుక్కుంటారు. ఆ లాభాన్ని మళ్లీ వాళ్ల బాగుకే వాడాలి. వాడుతున్నారా, కొన్నవి వాళ్లకు అందుతున్నాయా అని బయటి మనుషులుగా మేం వెళ్లి చూసి రాయాలి.

లాక్‌డౌన్ వచ్చాక లోపలికి వెళ్లడం ఆగిపోయి తనిఖీ ఫోన్‌లోకి మారింది. ములాఖత్‌లు కూడా ఆపేసి, వీడియో కాల్స్ కోసం ఆ దుకాణం లాభంతోనే ట్యాబ్‌లు కొన్నారు. పనిచేస్తున్నాయా అని ఒక జైలు ఆఫీసర్ని అడిగాను. "గ్రాండ్" అన్నాడు. ఇక్కడ బాగున్నా గ్రాండే, బాగోకపోయినా గ్రాండే. అన్నీ పనిచేస్తున్నాయని రాసి సంతకం పెట్టేశాను.

కొన్ని వారాలకు ఒక ఖైదీ కమిటీ నంబరుకు ఫోన్ చేశాడు. యాభై దాటిన మనిషి. వాళ్లమ్మ నర్సింగ్ హోమ్‌లో పోయింది. అంత్యక్రియలకు పదిమందికే అనుమతి, ఆయన్ని ఎలాగూ పంపరు. చర్చివాళ్లు కెమెరా పెట్టి ఇంటర్నెట్‌లో చూపిస్తారట, ట్యాబ్‌లో చూడనిస్తారా అని అడిగాడు. జైలు అధికారితో మాట్లాడి ఒప్పించాను. ఏదో ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను కూడా.

అంత్యక్రియల రోజు వంటింట్లో ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగు నడుస్తోంది. ఆ ఖైదీ చూస్తుంటాడు కదా, నేనూ చూద్దామని పక్కనే ఫోన్‌లో చర్చి పెట్టుకున్నాను. మీటింగుకు అడ్డమని సౌండ్ తీసేశాను. శవపెట్టె, తెల్లపూలు, దూరదూరంగా కూర్చున్న కొన్ని తలలు. ఫాదర్ పెదవులు కదులుతున్నాయి. నాకేమీ అనిపించలేదు. ఆ నెలల్లో ఎవరు పోయారని విన్నా అంతే. మా పిన్ని పోయినప్పుడు కూడా ఏడుపు రాలేదు.

మర్నాడు ఆయన ఫోన్ చేశాడు. ట్యాబ్‌లో వీడియో కాల్ తప్ప ఇంకేదీ తెరుచుకోలేదట. ముగ్గురు ఆఫీసర్లు తంటాలు పడుతుండగానే అంతా అయిపోయిందట. చర్చివాళ్లు రికార్డు చేయరట. ఆయన గొంతులో కోపం లేదు. ముందే ఒక్కసారి తెరిచి చూపించమని నేను అడిగి ఉంటే తెలిసిపోయేది. తప్పు నాదేనన్నాను.

"మీరు చూశారా?" అని అడిగాడు.

చూశానన్నాను. పూల రంగు, ఎవరెక్కడ కూర్చున్నదీ, పెట్టె మోసినవాళ్లు ఎలా ఉన్నారో చెప్పాను. నీలం కోటు మా చెల్లెలిది, ఆ పొడుగాటి మనిషి మా అన్నయ్య, అంటూ ఆయన ఒక్కొక్కరినీ గుర్తుపట్టాడు.

"అమ్మ పిల్లల పేర్లు చదివినప్పుడు ఫాదర్ నా పేరు కూడా చదివారా?"

"చదివారు" అన్నాను.

అవతల ఏడుస్తున్నాడని తెలిసింది.

"మా అన్నయ్య నా పేరు చదవనివ్వడనుకున్నాను. పదేళ్లయింది మాటలు లేక. ఇవాళే వాడికి థాంక్స్ చెబుతూ ఉత్తరం రాస్తాను" అన్నాడు.

విననిది విన్నట్టు చెప్పినందుకు సిగ్గుపడదామని చూశాను. అదీ రాలేదు.

"రాయండి" అన్నాను.