రెండో కారు

2023 చలికాలం. ఆస్ట్రేలియాలోని టూవూంబాలో కొండ అంచున నా గ్యారేజీ. ఈ ఊరి నుంచి తూర్పుకు ఎటు వెళ్లినా నిటారు కొండ దిగాల్సిందే. ఇక్కడివాళ్లు దాన్ని రేంజ్ అంటారు. అందుకే నా దగ్గరికి వచ్చే పనుల్లో సగం బ్రేకులవే.

సుధీర్ కరీంనగర్ కుర్రాడు, కొండ కింద ఆసుపత్రిలో నర్సు. పాత వీ8 సెడాన్ కొన్నాడు. ఎనిమిది సిలిండర్ల పెద్ద ఇంజన్ ఉన్న ఇలాంటి బండ్లనే మజిల్ కార్లంటారు. సరదాకి దాచుకునేది కాదు, రోజూ డ్యూటీకి దాంట్లోనే. దానికి సూపర్‌చార్జర్ వేయమని వచ్చాడు. ఇంజన్లోకి గాలిని కుక్కి బలం పెంచే యంత్రం అది.

"ఫుల్ పవర్ ఉండాలన్నా. ఓవర్‌టేక్ చేస్తే వెనక ఎవ్వడు కనిపియ్యద్దు."

"కనిపించకుండా పోయేది నువ్వేనయ్యా. ఉన్న పరుగునే నీ బ్రేకులు ఆపలేకపోతున్నాయి."

నాకు మొహమాటం తక్కువ. చక్రం విప్పి చూపించాను. చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం, రోటర్ అంటాం, వేడికి నీలంగా మారిపోయి ఉంది. కొండ దిగుతూ అదేపనిగా తొక్కితే బ్రేకు వేడెక్కిపోయి పట్టు వదిలేస్తుంది. దాన్నే ఫేడ్ అంటాం. ముందు ఆగడం నేర్పిద్దాం, పరుగు సంగతి తర్వాత అన్నాను. మొహం మాడ్చుకున్నాడు కానీ ఒప్పుకున్నాడు. పెద్ద రోటర్లు, మంచి ప్యాడ్లు, కొత్త టైర్లు వేశాను. నా మాట వినే కస్టమర్ దొరికాడని గర్వపడ్డాను కూడా.

బండి తీసుకెళ్లే రోజు సుధీర్‌ను దింపడానికి అతని భార్య మాధవి వచ్చింది. చిన్న పాత హ్యాచ్‌బ్యాక్, కొత్త లైసెన్సు. ఆగుతుంటే ఆ బండి బ్రేకులు కీచుమన్నాయి.

"దీన్ని కూడా వదిలి వెళ్లమ్మా, చూస్తాను" అన్నాను.

ఆవిడ సుధీర్ వైపు చూసింది. "అది ఊర్ల తిరిగే బండే గదన్నా. షాపింగ్‌కి, అంతే. నెక్స్ట్ మంత్ తెస్తా" అన్నాడతను.

"నేను మెల్లగనే పోతా అన్నా" అని ఆవిడ నవ్వింది.

నెల తిరక్కుండానే ఆవిడకు కొండ కింద వృద్ధుల కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. డ్యూటీలు దిగే వేళలు వేరు, కాబట్టి రెండు బండ్లు. ఆవిడకు రేంజ్ అంటే భయం. కొత్తగా నేర్చుకున్నవాళ్లకు మన ఇళ్లలో చెప్పే మాటే మొదటి రోజు అతనూ చెప్పాడు. "నా వెనకాలే వచ్చెయ్. గ్యాప్ ఇయ్యకు, మధ్యల ఎవడన్న దూరుతడు."

సగం కొండ దిగాక పొగమంచులో కంగారూ అడ్డం దూకింది. సుధీర్ బ్రేకు తొక్కాడు. వీ8 మేకు దిగ్గొట్టినట్టు ఆగింది. కంగారూ దాటిపోయింది. వెనక బండి ఆగలేదు. అతణ్ణి తప్పించబోయి మాధవి రాతిగోడను గుద్దింది. నర్సు కదా, రోడ్డు మీద అతనే ఆమె గుండె నొక్కుతూ కూర్చున్నాడు. అంబులెన్సు వచ్చేసరికి చేయడానికేమీ మిగల్లేదు.

కొన్ని నెలలకు గ్యారేజీకి వచ్చాడు. ఆ వీ8లోనే. దానికి గీత కూడా పడలేదు.

"అన్నా, నా పాత బ్రేకులు ఉన్నయా?"

"ఎందుకయ్యా?"

"మళ్ల అవే పెట్టు. అవి ఉంటే కంగారూని గుద్దేటోణ్ణి. బండి పోయేది. అంతే గదా?"

ఆ కొండకు నేను వేసిన బ్రేకులే సరైనవి, ఈ రోజు అడిగినా అదే చెబుతాను. కానీ మేమిద్దరం కూర్చుని ఒక్క బండి గురించే ఆలోచించాం. ఆ ఇంటినుంచి రోడ్డెక్కేవి రెండు. పాతవి వేయనని మాత్రం చెప్పగలిగాను. ఇచ్చిన టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఎవరైనా పవర్ కావాలని వస్తే నేను బానెట్ ఎత్తను. ముందు ఇంట్లో రెండో బండి తెమ్మంటాను. "అది మా ఆవిడది అన్నా, ఊళ్లో తిరగడానికే" అని నవ్వుతారు. బండిని పైకెత్తి చూసే లిఫ్ట్ మీదికి అదే ముందు ఎక్కాలంటాను. తేకపోతే వేరే గ్యారేజీ చూసుకోమంటాను. కస్టమరు పోతే మళ్లీ వస్తాడు.