నిజాంపేట ఇంటి తాళం

మొన్న మధ్యాహ్నం కాన్పుగది బయట ఒకాయన కంగారులో తాళాల గుత్తి నా బల్లమీద పడేశాడు. ఇనుము గాజుమీద పడ్డ ఆ చప్పుడుకి యాదమ్మ గుర్తొచ్చింది. పాతికేళ్ళు దాటాయి. మాదాపూర్ బండల మధ్య మొదటి ఐటీ భవనం లేస్తున్న రోజుల్లో, కూకట్‌పల్లిలోని ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో నేను కొత్త డాక్టర్ని, ఆవిడ ఆయా. నా దగ్గర పట్టా ఉంది, ఆవిడకి సంతకం కూడా రాదు. ఎవరు ఎవరికి నేర్పాలో నాకు అప్పట్లో ఏ సందేహమూ లేదు.

కాన్పుకి ఎవరొచ్చినా యాదమ్మ ముందు జడ విప్పించేది, గాజులకి తగిలించిన పిన్నీసులు తీయించేది, గదిలో బీరువా తలుపు బార్లా తెరిచేది. ముడి, గడియ ఏదీ బిగించి ఉండకూడదని ఆవిడ పట్టింపు. నేను బీరువా మూసేదాన్ని, ఆవిడ మళ్ళీ తెరిచేది. కొన్నాళ్ళు మా ఇద్దరి మధ్య సంభాషణంతా ఆ తలుపుతోనే నడిచింది.

ఒకరోజు రత్న అనే తొలిచూలు మనిషి వచ్చింది. భీమవరం వైపు వాళ్ళు, నిజాంపేటలో అద్దెకుంటున్నారు. పొద్దున్న నొప్పులు చక్కగానే వచ్చాయి, మధ్యాహ్నానికి కాస్త మందగించాయి. నేను పరీక్ష చేసి, చేతి తొడుగులు విప్పుకుంటూ, "ఇలాగే ఉంటే ఆపరేషన్ తప్పదమ్మా" అనేసి వచ్చేశాను. గుమ్మం బయట యాదమ్మ అడిగితే, బిడ్డకేం ఫర్వాలేదు, గుండె బాగా కొట్టుకుంటోందన్నాను. అరగంటలో ఉన్న నొప్పులు కూడా ఆగిపోయాయి. రత్న గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం దాకా చూసి ఆపరేషన్ చేసేద్దామన్నారు పెద్ద డాక్టరుగారు.

యాదమ్మ ఆమె పక్కన కూర్చుని నడుము నిమురుతూ కూపీ లాగింది. బయల్దేరే హడావుడిలో భర్త ఇంటికి తాళం వేశాడట. కాన్పయ్యేదాకా ఇంట్లో ఏ తాళమూ వేయొద్దని అత్తగారు ఊరినుంచి ఫోన్లో మరీ మరీ చెప్పిందట. తను చూసి కూడా ఊరుకుందని, తప్పంతా తనదేనని రత్న ఏడ్చింది. యాదమ్మ వెంటనే ఆయన్ని పిలిచి, వెళ్ళి తాళం తీసి రమ్మని తోలింది. నాకు ఒళ్ళు మండింది.

ముప్పావుగంట తర్వాత యాదమ్మ గదిలోకి వచ్చి, "మీ ఆయన ఫోన్ జేసిండు బిడ్డా. తాళం తీసిండట, తలుపులన్నీ బార్ల తెరిశిండట. ఇగ ఫికర్ జెయ్యకు" అంది. రత్న పెద్దగా ఊపిరి వదిలింది. కాసేపటికి నొప్పులు అందుకున్నాయి. చీకటి పడకముందే, కత్తి ముట్టుకోకుండా ఆడపిల్ల పుట్టింది.

పిల్లను తండ్రికి చూపిద్దామని బయటికి వస్తే, ఆయన గేటు దగ్గర స్కూటర్ పక్కన చేతులనిండా గ్రీజుతో నిలబడి ఉన్నాడు. వీధి చివరే బండి మొరాయించిందట, దాన్ని బాగుచేసుకోవడంతోనే సరిపోయిందట. ఆయన ఇల్లు చేరనే లేదు, ఫోనూ చేయలేదు. తాళంచెవి జేబులోనే ఉంది.

యాదమ్మని నిలదీశాను. ఆవిడ బకెట్ కడుగుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"తాళంది ఏముంది డాక్టరమ్మా? బిడ్డ గుండె మంచిగ కొట్టుకుంటున్నదని మీరు నాతోని జెప్పిన్రు. ఆమెతోని జెప్పలే. ఆపరేషన్ అన్న మాటొక్కటి జెప్పి పోయిన్రు."

సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, ఆవిడ మీద కాదు. ఇంటికి వెళ్ళే రోజు రత్న, "ఈయన వేళకి తాళం తీశారు కాబట్టి సరిపోయిందండి" అంది నాతో. ఆయన నేలచూపులు చూశాడు. నేను అవునన్నాను.

ముడులు విప్పితే కాన్పు సులువవుతుందని నేనిప్పటికీ నమ్మను. ఏ మాటకీ లొంగని కాన్పులు చాలా చూశాను, వాటికి కత్తే దిక్కు. మొన్న ఆ తాళాల గుత్తి ఆయన చేతికే ఇచ్చి లోపలికి వెళ్ళేసరికి, ఆయన భార్యకి నొప్పులు నెమ్మదిగానే ఉన్నాయి. ఆపరేషన్ అన్న పాత మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆగాను. బిడ్డ గుండెచప్పుడు పెద్దగా వినిపించి, "విన్నావా, ఎంత బాగా కొట్టుకుంటోందో" అన్నాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. తిరిగి వస్తుంటే బీరువా తలుపు బార్లా తెరిచి కనిపించింది, వాళ్ళమ్మ పని కాబోలు. నేను మూయలేదు.